కాటా మాట, గీత మాట

పోయిన వేసవిలో ఒక సోమవారం పొద్దున ఏడింటికి తెనాలి నుంచి అక్క ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేదు. "వారం రోజులు రాత్రి అన్నం ముట్టలేదురా. రెండు పుల్కాలు, ఇంత కూర, అంతే. నిన్న ఒక్క పూట పెళ్ళి భోజనం చేశాను. ఇప్పుడు కాటా ఎక్కితే పోయిన సోమవారం కంటే అర కిలో ఎక్కువ చూపిస్తోంది. ఇంకెందుకు ఈ కడుపు మాడ్చుకోవడం?"

అక్క చెప్పింది నిజం. కాటా చూపించిందీ నిజమే. కానీ ఆ రెండు నిజాల నుంచి ఆమె తీసిన లెక్క తప్పు. అక్కను ఓదార్చడానికి కాదుగానీ, ఈ తప్పు ఎక్కడ పడుతుందో చెప్పడానికి నాకు ఆ రోజు అరగంట పట్టింది. బరువు ట్రెండ్‌ను, అంటే రోజువారీ ఊగును పక్కన పెట్టి బరువు మొత్తం మీద ఎటు పోతోందో ఒక గీతగా చూపించే యాప్‌లు చేసే పని కూడా ఇదే. అవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో తెలియకుండా వాడితే మాత్రం కాటా పెట్టిన ఏడుపే యాప్ కూడా పెడుతుంది, కాకపోతే రంగుల్లో.

కాటాకు కొవ్వు అంటే ఏమిటో తెలీదు. తన మీద నిలబడ్డ మొత్తాన్ని తూస్తుంది: ఎముకలు, కండ, రక్తం, రాత్రి తిన్న పెరుగన్నం, ఇంకా బయటికి పోని నీళ్ళు, ఒంటి మీది లుంగీ. ఇందులో మనకు కావలసింది కొవ్వు ఒక్కటే. అది రోజుకు ఎంత మారుతుంది? ఖర్చయ్యే దాని కంటే రోజుకు 500 కెలోరీలు తక్కువ తింటున్నారనుకుందాం. అదేమీ తేలిక కాదు. కిలో కొవ్వులో సుమారు 7700 కెలోరీలుంటాయి కాబట్టి రోజుకు కరిగేది 65 గ్రాములు. ఇళ్ళల్లో ఉండే మామూలు డిజిటల్ కాటా చూపించే అతి చిన్న తేడా 100 గ్రాములు. అంటే మీరు రోజంతా నోరు కట్టుకున్న ఫలితం దాని కంటికి ఆనదు. అదే ఒక గ్లాసు మజ్జిగ తాగి ఎక్కండి, పావు కిలో పెరిగి కూర్చుంటారు. నాలుగు రోజుల కష్టం ఒక్క గ్లాసు కింద మునిగిపోతుంది.

పెళ్ళి భోజనం సంగతి చూద్దాం. ఆ ఒక్క పూటలో అక్కకు నిజంగా అర కిలో కొవ్వు పట్టాలంటే తన రోజువారీ ఖర్చు పోను పైన 3850 కెలోరీలు తినాలి. నెయ్యి గ్రాముకు 9 కెలోరీలు. అంటే మామూలు తిండి అంతా తిన్నాక, దాని మీద ఇంకో 430 గ్రాముల నెయ్యి తాగాలి. పెళ్ళివారు ఎంత కొసరి కొసరి వడ్డించినా అంత జరగదు.

మరి ఆ బరువు ఏమిటంటే, ఎక్కువ పాలు నీరు.

పులిహోర, అప్పడం, ఆవకాయ, గోంగూర, చివర్లో ఊరమిరపకాయతో పెరుగన్నం. ఇవన్నీ ఉప్పు మోసుకొచ్చేవి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా గుర్తు తెచ్చుకోండి. అర లీటరు సెలైన్‌లో ఉండే ఉప్పు 4.5 గ్రాములు, ఒక చిన్న చెంచాకు కాస్త తక్కువ. మన రక్తంలో, కణాల చుట్టూ ఉండే ద్రవంలో ఉప్పదనం ఇంచుమించు అంతే ఉండేలా శరీరం చూసుకుంటుంది. ఒక చెంచాడు ఉప్పు అదనంగా పడిందంటే, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేదాకా దానికి తగ్గట్టు అర లీటరు దాకా నీరు లోపల ఆగుతుంది. దాహం వేస్తుంది, తాగుతాం, ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనకు ఆ కోటా ఒక్క విందు విస్తరిలోనే అయిపోతుంది.

రెండోది గ్లైకోజెన్. మనం తిన్న అన్నం, రొట్టెల్లోని పిండిపదార్థాన్ని శరీరం కొంత కండరాల్లో, కొంత కాలేయంలో దాచుకుంటుంది. పెద్దవాళ్ళలో అంతా కలిపి సుమారు అర కిలో. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు అతుక్కుని ఉంటుంది. అంటే ఈ నిల్వ నిండుగా ఉన్నప్పటికీ, అడుగంటినప్పటికీ మధ్య దాదాపు 2 కిలోల తేడా. "అన్నం మానేసిన మూడు రోజుల్లోనే రెండు కిలోలు తగ్గాను" అని ఆఫీసులో ఒకరు ఊరిస్తుంటారు చూడండి, వాళ్ళు తగ్గింది చాలావరకు ఈ నిల్వే. మళ్ళీ అన్నం మొదలుపెట్టిన వారంలో ఆ రెండు కిలోలూ తిరిగొస్తాయి. అప్పుడు నింద అన్నం మీద పడుతుంది. "చూశావా, రెండు ముద్దలు తిన్నానో లేదో పెరిగిపోయాను" అంటారు. కొవ్వు ఆ మొదటి మూడు రోజుల్లో పెద్దగా తగ్గిందీ లేదు, ఈ వారంలో పెద్దగా పెరిగిందీ లేదు.

ఏకాదశికి, శివరాత్రికి ఉపవాసం ఉన్న మర్నాడు కిలో తగ్గడమూ ఇలాంటిదే. పేగుల్లో ఉండాల్సిన తిండి లేదు, నిల్వ కొంత ఖర్చయింది, ఉప్పు పడలేదు. పారణ చేసిన రెండు రోజులకు లెక్క సరిపోతుంది. మలబద్ధకం, ప్రయాణం, కొత్తగా మొదలెట్టిన వ్యాయామం వల్ల నొప్పులతో వాచిన కండరాలు, అన్నిటికీ తలా కొంత వాటా.

మధ్యలో ఒక మాట. కరిగిన కొవ్వు ఎటు పోతుందని అడిగితే చెమటగా అనో, వేడిగా అనో చెబుతారు చాలామంది. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియన్లు ఈ లెక్క వేసి చూపించారు: 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలోంచే పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. రాత్రి పదిన్నరకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి కాటా ఎక్కి చూడండి. నాకైతే అర కిలో పైనే తేడా వస్తుంది. అందులో ఎక్కువ భాగం ఊపిరిలోని తేమ, చెమట, మూత్రం. కొవ్వు తాలూకు కార్బన్ అందులో ఓ మూల ఉంటుంది, కాటా దాన్ని విడదీసి చెప్పలేదు.

వారానికోసారి చూసుకుంటే చాలదా?

"రోజూ చూసుకోకు, పిచ్చెక్కుతుంది, వారానికోసారి చాలు" అనేది అందరూ చెప్పే సలహా. అక్క చేసిందీ అదే. మనశ్శాంతి కోసమైతే సరే. లెక్క కోసమైతే ఇది పనికిరాని పద్ధతి. ఎందుకో చిన్న లెక్క వేద్దాం.

మీరు వారానికి 450 గ్రాముల చొప్పున నిజంగానే తగ్గుతున్నారు. నీళ్ళ వల్ల మీ రోజువారీ బరువు అసలు విలువకు అటూ ఇటూ సాధారణంగా 600 గ్రాములు ఊగుతుంది. కొన్ని రోజులు ఇంకా ఎక్కువే. వారానికోసారి తూచుకుంటే రెండు ఊగులాటల మధ్య తేడా తీసినట్టు. దాని ఊపు 850 గ్రాముల దాకా పోతుంది. సంభావ్యత లెక్క ప్రకారం పది వారాల్లో మూడు వారాలు మీరు తగ్గుతూ కూడా కాటా మీద "పెరిగినట్టు" చూస్తారు. మూడుసార్లు! రోజూ సరిగ్గా తిన్న మనిషికి నెలకొకసారైనా తప్పు చేసినట్టు తీర్పు వస్తుంది. ఆ తీర్పు విని ఎంతమంది మానేసి ఉంటారో. నా అనుమానం, ఆహార నియమాలు మధ్యలో వదిలేసేవాళ్ళలో మంచి భాగం ఆకలికి ఓడినవాళ్ళు కాదు, ఇలాంటి ఒక సోమవారం ఉదయానికి ఓడినవాళ్ళు.

రోజూ తూచుకోవడం వల్ల ఊగులాట తగ్గదు. కానీ దాన్ని సగటులో కలిపి చప్పబరచడానికి సరిపడా అంకెలు దొరుకుతాయి. ఒక షరతు మీద: ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోకూడదు. అది మనిషికి కష్టం. అందుకే ఆ పని యాప్‌కు అప్పగిస్తాం.

పదో వంతు

ఇక్కడో పేరు చెప్పాలి. జాన్ వాకర్. ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు వాడే ఆటోక్యాడ్‌ను తెచ్చిన ఆటోడెస్క్ కంపెనీ స్థాపకుల్లో ఒకడు, 2024లో చనిపోయాడు. లావుగా ఉండేవాడు. తగ్గాలనుకున్నప్పుడు ఈ సమస్యను డాక్టరులా కాక ప్రోగ్రామరులా చూశాడు. 1991 నాటి 'ది హ్యాకర్స్ డైట్' అనే పుస్తకంలో తన పద్ధతి రాసి, ఉచితంగా పంచిపెట్టాడు. ఈరోజు ఆండ్రాయిడ్‌లో లిబ్రా, ఐఫోన్‌లో హ్యాపీ స్కేల్, వెబ్‌లో ట్రెండ్‌వెయిట్ లాంటివి చేస్తున్న పనికి మూలం చాలావరకు అక్కడే ఉంది.

సూత్రం కూడా అతని సొంతం కాదు. రాబర్ట్ జి. బ్రౌన్ అనే విశ్లేషకుడు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం, జలాంతర్గాముల జాడ పట్టే లెక్కల్లో వాడిన ఉపాయం అది. తర్వాత గోదాముల్లో విడిభాగాల గిరాకీ అంచనాకు దాన్నే వాడాడు. అలల చప్పుడులో జలాంతర్గామి ఎటు పోతోందో పట్టడం, నీళ్ళ ఊగులాటలో కొవ్వు ఎటు పోతోందో పట్టడం, గణితానికి రెండూ ఒకటే.

ఉపాయం ఇంతే: నిన్నటి ట్రెండ్ అంకె తీసుకోండి. ఈరోజు కాటా అంకెకు, దానికి తేడా ఎంతో చూడండి. ఆ తేడాలో పదో వంతు మాత్రమే నమ్మండి. నిన్నటి ట్రెండ్‌కు ఆ పదో వంతు కలిపితే, లేదా తీసేస్తే, ఈరోజు ట్రెండ్. పదో తరగతి పిల్లాడు లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద చేసేయగలడు.

అక్క చేత బుధవారం నుంచి రోజూ పొద్దున, బాత్రూముకు వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు తూయించాను. మొదటి రోజు 72.0. ట్రెండ్‌కు వేరే ఆధారం లేదు కాబట్టి అదీ 72.0. గురువారం కాటా 71.6 అంది. తేడా 400 గ్రాములు, అందులో పదో వంతు 40. ట్రెండ్ 71.96. శుక్రవారం 71.9, శనివారం 71.3, ఆదివారం 71.5. ట్రెండ్ నెమ్మదిగా 71.85కు జారింది. ఆ ఆదివారం మా పిన్ని వాళ్ళింట్లో గృహప్రవేశం. బొబ్బట్లు, పులిహోర, అన్నీ. సోమవారం కాటా: 72.7. ఒక్క రాత్రిలో కిలో రెండు వందల గ్రాములు. ట్రెండ్ ఎంత కదిలింది? 85 గ్రాములు. 71.93 దగ్గర ఆగింది. మంగళవారం 72.2, బుధవారం 71.4, గురువారం 71.0. ట్రెండ్ మళ్ళీ 71.81కు దిగొచ్చింది. కాటా అంకెలు పైకీ కిందికీ 1.7 కిలోల మేర గెంతిన ఆ తొమ్మిది రోజుల్లో, గీత మొత్తం దాదాపు 190 గ్రాములు కదిలింది.

యాప్‌లో ఇది ఎలా కనిపిస్తుందంటే, మధ్యలో ఒక నునుపైన గీత, దానికి పైనా కిందా చుక్కలు. చుక్క నుంచి గీతకు సన్నటి నిలువు తీగ. గీత కింద వేలాడే చుక్కలు రాయి కట్టిన దారాల్లా గీతను కిందికి లాగుతుంటాయి. పైనున్నవి బెలూన్లలా పైకి. వాకర్ చెప్పిన పోలిక కూడా ఇంచుమించు ఇదే. దీన్నుంచి అన్నిటికంటే పనికొచ్చే చిట్కా ఒకటి వస్తుంది: పొద్దున కాటా ఎక్కినప్పుడు "నిన్నటి కంటే తగ్గానా" అని అడక్కండి. "గీతకు కింద ఉన్నానా, పైన ఉన్నానా" అని అడగండి. కింద ఉంటే గీత దిగుతోంది. నిన్నటి కంటే 300 గ్రాములు పెరిగినా సరే, గీతకు కింద ఉన్నారంటే దిగుతున్నట్టే.

తొమ్మిది రోజుల ఆలస్యం

ఇంత ఓపికైన గీతకు ఒక లోపం ఉండాలి కదా, ఉంది. ఇది ఆలస్యంగా నడుస్తుంది. ఒకే వేగంతో తగ్గుతున్న మనిషి విషయంలో పదో వంతు సూత్రం సరిగ్గా 9 రోజులు వెనకబడి ఉంటుంది. రోజుకు 65 గ్రాముల చొప్పున తగ్గుతుంటే గీత మీ అసలు బరువు కంటే దాదాపు 600 గ్రాములు ఎక్కువ చూపిస్తూనే ఉంటుంది. ఆ అంకె తప్పు, దాని వాలు ఒప్పు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, "ట్రెండ్ బరువే నా నిజమైన బరువు" అనుకుంటారు. కాదు. గీత మీద ఏ చోట ఉన్నారన్నది కాక, ఎంత ఏటవాలుగా దిగుతున్నారన్నది చూడాలి.

ఇదే ఆలస్యం రెండో వైపు కూడా కోస్తుంది. దసరా సెలవుల్లో నియమాలన్నీ గట్టున పెట్టేశారనుకోండి. గీత ఇంకా కొన్ని రోజులు కిందికే చూస్తూ ఉంటుంది, పాత పుణ్యం మీద. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటే మోసపోతారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అంతే, కొన్నాళ్ళు పైకే చూస్తుంది. పాత పాపం.

మొదటి రెండు వారాల గీతకైతే విలువే లేదు. మొదటి రోజు బరువునే ఆధారంగా తీసుకుంటుంది కాబట్టి, సంక్రాంతి మర్నాడు అరిసెల పొట్టతో యాప్ మొదలుపెట్టినవాడికి పది రోజులు అద్భుతంగా కనిపిస్తుంది. ఉపవాసం మర్నాడు మొదలుపెట్టినవాడికి పది రోజులు నరకం. ఇద్దరూ ఒకేలా తిన్నా సరే. కొన్ని యాప్‌లలో ఈ పదో వంతును ఐదో వంతుగానో ఇరవయ్యో వంతుగానో మార్చుకునే వీలుంటుంది. వంతు పెద్దదైతే గీత చురుగ్గా ఉంటుంది కానీ ప్రతి బొబ్బట్టుకూ ఉలిక్కిపడుతుంది. చిన్నదైతే నిబ్బరంగా ఉంటుంది కానీ వార్త చేరేసరికి పండగ అయిపోతుంది. నేను పదో వంతు కదపలేదు.

గీత నునుపు చేయలేని ఊగు ఒకటుంది. నెలసరి. దానికి ముందు రోజుల్లో చాలామంది ఆడవాళ్ళకు ఒంట్లో నీరు చేరుతుంది, అర కిలో నుంచి రెండు కిలోల దాకా కూడా. ఒక్క రోజు గెంతును పదో వంతు సూత్రం మింగేస్తుంది, కానీ వారం పాటు నిలిచే పెరుగుదలను మింగలేదు. గీత నిజంగానే పైకి లేస్తుంది. మా మేనకోడలు ఈ సంగతి తెలియక రెండు నెలలు వరసగా అదే వారంలో డైట్ మార్చింది. ఇప్పుడు ఈ నెల గీతను పోయిన వారంతో కాక, పోయిన నెల అదే దశతో పోల్చుకుంటోంది. యాప్ దానంతట అది ఈ పని చేయదు. క్యాలెండరు పక్కన పెట్టుకోవాలి.

గీత నుంచి కెలోరీలు

నాకు ఈ యాప్‌లలో అన్నిటికంటే నచ్చేది ఇది. గీత వారానికి ఎంత దిగిందో తెలిస్తే, రోజుకు ఎన్ని కెలోరీలు లోటు పడుతోందో వెనక్కి లెక్క వేయొచ్చు. కిలోకు 7700, వారానికి 7 రోజులు. కాబట్టి వారానికి కిలో దిగితే రోజుకు 1100 కెలోరీల లోటు. 300 గ్రాములు దిగితే 330. అంతే. ఇడ్లీకి ఎన్ని, సాంబారుకు ఎన్ని అని ప్రతి పూటా వెతుక్కునే యాప్‌ల కంటే ఇది నమ్మకమైనది, ఎందుకంటే మన వంటల్లో నూనె ఎంత పడిందో వండిన మనిషికే తెలీదు. "రోజుకు 1200 కెలోరీలే తింటున్నాను, తగ్గట్లేదు" అనేవాళ్ళ గీత నెల రోజులు అడ్డంగా ఉందంటే, ఖర్చయ్యేదీ తినేదీ ఇంచుమించు సమానంగా ఉన్నాయన్నమాట. థైరాయిడ్ లాంటి కారణాలుంటే ఖర్చు తగ్గి ఉండొచ్చు, అది డాక్టరు చూడాల్సింది. లేదా తాలింపులో పడ్డ నూనె లెక్కలోకి రాలేదు.

కానీ ఈ లెక్కను వెనక్కి వేయాలి, ముందుకు కాదు. చాలా యాప్‌లు ముందుకు వేస్తాయి: "ఇదే వేగంతో మీరు అక్టోబరు 14న 65 కిలోలకు చేరతారు" అని. ఆ ముక్కను నేను సెట్టింగుల్లోకి వెళ్ళి తీసేస్తాను. కారణం ఉంది.

కిలోకు 7700, అంటే పౌండుకు 3500 అన్న లెక్క 1958లో మాక్స్ విష్నోవ్‌స్కీ అనే డాక్టరు రాసిన వ్యాసం నుంచి వ్యాపించింది. ఒక చిన్న కాలానికి అది సరిపోతుంది. దాన్ని ఏళ్ళ తరబడి లాగితే ఏమవుతుందో చూడండి. అక్క రోజుకు 500 కెలోరీలు తగ్గించి మూడేళ్ళు అలాగే ఉందనుకుందాం. 500ను 1095 రోజులతో గుణించి 7700తో భాగిస్తే 71 కిలోలు. అక్క బరువు 72. మూడేళ్ళకు కిలో అక్క మిగలాలి.

ఎందుకు అలా జరగదంటే, తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది. చిన్న ఇంటికి కరెంటు బిల్లు తక్కువ వచ్చినట్టు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్, అతని బృందం 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇచ్చిన లెక్క వేరు: తిండిలో రోజుకు సుమారు 24 కెలోరీల శాశ్వతమైన తగ్గింపుకు, చివరికి ఒక కిలో తగ్గుతారు. అందులో సగం చేరడానికే దాదాపు ఏడాది, 95 శాతానికి మూడేళ్ళు. ఆ ప్రకారం 500 కెలోరీలకు అంతిమంగా 21 కిలోలు. అంటే గీత మొదట బాగా ఏటవాలుగా దిగి, రాను రాను చదునవుతుంది. అది మీ తప్పు కాదు, గీత ఆకారమే అది. సరళరేఖ గీసి తారీఖు చెప్పే యాప్ మొదటి నెలలో ఆశ పెడుతుంది, ఐదో నెలలో మీరు వెనకబడ్డారని ఎరుపు రంగులో చూపిస్తుంది.

కాటాకూ ఒక పరీక్ష

ఇంత లెక్క చేసేముందు కాటా నిజం చెబుతోందో లేదో చూసుకోవడం మంచిది. నా పాత కాటా ఎంత నిలకడగా ఉండేదో! దిగి మళ్ళీ ఎక్కినా, వంద గ్రాముల తేడా కూడా రాదు. మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు అనుమానం వచ్చింది. ఎక్కాను: 81.4. దిగి, వంటింట్లోంచి పావు కిలో పంచదార పొట్లం తెచ్చి చేత్తో పట్టుకుని ఎక్కాను: 81.4. ఇంకోసారి: 81.4. తర్వాత కాటా మీద నీళ్ళ బకెట్ పెట్టి తీసి, అదే పొట్లంతో ఎక్కితే 81.7. విషయమేమిటంటే చాలా డిజిటల్ కాటాలు కిందటి అంకెను గుర్తు పెట్టుకుంటాయి. కొత్త బరువు దానికి దగ్గరగా ఉంటే మళ్ళీ పాతదే చూపిస్తాయి, బహుశా "మిషను ఊగుతోంది" అని కొన్నవాళ్ళు తిరిగి ఇవ్వకుండా. ఇలాంటి కాటా రోజుకు 65 గ్రాముల మార్పును రెండు మూడు రోజులు దాచి ఒక్కసారి కక్కుతుంది. మీది అలాంటిదైతే ఎక్కేముందు బకెట్టో, బియ్యం సంచో ఒకసారి పెట్టి తీయండి. ఇంకోటి, నాలుగు మూలల్లో ఉండే సెన్సర్ల మీద బరువు సమంగా పడాలి కాబట్టి గట్టి, చదునైన నేల కావాలి. చాప మీదా, బాత్రూము వాలు మీదా వద్దు.

కొవ్వు శాతం చూపించే స్మార్ట్ కాటాల గురించి ఎక్కువ చెప్పను. పాదాల నుంచి అతి చిన్న కరెంటు పంపి, అడ్డంకి ఎంతుందో చూసి, మీ ఎత్తు, వయసు కలిపి ఊహిస్తుంది. నీళ్ళు తాగారా లేదా, పాదాలు తడిగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి మారుతుంది. గీత గీయడానికి కూడా అది అంత నమ్మకమైంది కాదు.

దాని బదులు దర్జీ టేపు కొనుక్కోండి. మన వాళ్ళకు బరువు కంటే నడుము ఎక్కువ చెబుతుంది. 2004లో లాన్సెట్‌లో పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ కలిసి తీయించుకున్న ఫోటో ఒకటి అచ్చయింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 22.3, అచ్చంగా సమానం. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నటి చేతులు, చిన్న బొజ్జ: ఏ కాలనీలో పొద్దున వాకింగ్‌కు వెళ్ళినా కనిపించే రూపమే. భారతీయులకు నడుము మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటకూడదన్న హద్దు అందుకే వచ్చింది. వ్యాయామం మొదలుపెట్టిన కొత్తలో బరువు గీత అడ్డంగా ఉండి, టేపు మాత్రం దిగుతూ ఉండే నెలలు ఉంటాయి. నాకు అలాంటి నెలలు రెండు గడిచాయి. టేపు లేకపోతే మానేసేవాణ్ణే.

తిండి విషయంలో గతంలో మానసికంగా బాగా నలిగినవాళ్ళు, అంకె చూసి రోజంతా తినడం మానేసేవాళ్ళు రోజూ కాటా ఎక్కడం మంచిది కాదు. అక్కడ ఏ గీతా పనిచేయదు.

గీత వద్దన్న చోటు

ఇప్పటిదాకా రోజువారీ ఊగులాటను చెత్త అన్నాను. మా బాబాయ్‌కి అది చెత్త కాదు.

బాబాయ్‌కి గుండె బలహీనం. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు మాత్రల చీటీతో పాటు రోజూ పొద్దున బరువు చూసి రాసుకోమన్నారు. ఒకటి రెండు రోజుల్లో కిలో, కిలోన్నర పెరిగినా, వారంలో రెండు కిలోలు పెరిగినా ఆగకుండా ఫోన్ చేయమన్నారు. గుండె సరిగ్గా తోడలేనప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్ళు పొంగడం, ఆయాసం రావడం కంటే ముందే చాలాసార్లు అది కాటా మీద కనిపిస్తుంది. అంటే అక్క విషయంలో మనం పనిగట్టుకుని తుడిచేసిన ఆ నీళ్ళ గెంతే, బాబాయ్ విషయంలో వెతుకుతున్న కబురు.

మా తమ్ముడు ఆయన ఫోనులో ట్రెండ్ యాప్ ఒకటి వేసిపెట్టాడు, మంచి ఉద్దేశంతోనే. నేను తీసేయించాను. ఇప్పుడు హాల్లో గోడ క్యాలెండరు మీద తిథి పక్కనే ఖాళీలో, పిన్ని బాల్‌పెన్నుతో రోజూ ఒక అంకె రాస్తుంది. మొన్న శ్రావణ మాసంలో ఒక సోమవారం కింద 64.2 ఉంది, మంగళవారం 65.0, బుధవారం 65.9. యాప్ గీత అయితే ఆ బుధవారం 64.4 దగ్గర నిబ్బరంగా ఉండేది. పిన్ని 65.9 చుట్టూ సున్నా చుట్టి, తొమ్మిది కాకముందే డాక్టరుకు ఫోన్ చేసింది. నీరు పోయే మాత్ర మోతాదు పెంచారు. శనివారం గడిలో 64.3 అని ఉంది.